ఆమ్లంలో లోహం ఎంత వేగంగా కరుగుతుంది: ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు: ఏం కొలవాలో తేల్చుకోవడం

మెగ్నీషియం, అల్యూమినియం, జింక్, ఇనుము అనే నాలుగు లోహాలు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో చర్య జరిపి హైడ్రోజన్‌ను విడుదల చేస్తాయి. ఏ లోహంతో ఆ చర్య ఎంత వేగంగా సాగుతుందో అంకెల్లో రాయడమే ఈ ప్రాజెక్టు ఉద్దేశం. బుడగలు జోరుగా వచ్చాయనో మెల్లగా వచ్చాయనో రాసి సరిపెట్టుకోకూడదని ముందుగానే నియమం పెట్టుకున్నాను.

వేగాన్ని కొలవడానికి మూడు దారులు కనిపించాయి. ఫ్లాస్కును త్రాసు మీద పెట్టి బరువు తగ్గుదలను చూడటం ఒకటి, వెలువడిన వాయువు ఘనపరిమాణాన్ని కొలవడం రెండోది, లోహపు ముక్క పూర్తిగా మాయమవడానికి పట్టే సమయాన్ని చూడటం మూడోది. మొదటి దారిని కాగితం మీదే కొట్టేశాను. 0.04 గ్రాముల మెగ్నీషియం మొత్తం కరిగినా బయటికి పోయే హైడ్రోజన్ బరువు 3.3 మిల్లీగ్రాములే, నా త్రాసేమో 0.01 గ్రాము కంటే చిన్న తేడాను చూపదు. సున్నపురాయి మీద ఆమ్లం పోసే ప్రయోగంలో ఇదే పద్ధతి చక్కగా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ వెలువడే కార్బన్ డయాక్సైడ్ మోల్‌కు (అణువులను లెక్కించే ఒక నిర్దిష్ట సంఖ్యకు) 44 గ్రాములు తూగుతుంది. హైడ్రోజన్ తూగేది రెండు గ్రాములు. కనుక వాయువు ఘనపరిమాణాన్నే నమ్ముకుని, ముక్క మాయమయ్యే సమయాన్ని తోడుగా రాసుకోవాలని నిర్ణయించాను.

పరికరాలు మామూలువే. ఒక కోనికల్ ఫ్లాస్కు, దానికి రబ్బరు బిరడా, బిరడాలోంచి నీటి తొట్టిలోకి పోయే వాయువాహక నాళం, తొట్టిలో నీటితో నింపి బోర్లించిన 50 మి.లీ. కొలజాడీ, ఒక స్టాప్‌వాచీ. కొలజాడీ మీద గీతలు ఒక్కో మిల్లీలీటరుకు ఉన్నాయి, రెండు గీతల మధ్య సగం వరకు కంటితో పోల్చుకోవచ్చు. కొలజాడీని, స్టాప్‌వాచీని ఒకే చట్రంలో పెట్టి ఫోనుతో వీడియో తీస్తే రీడింగులను తరువాత తీరిగ్గా రాసుకోవచ్చని మొదటి రోజే తట్టడం నా అదృష్టం. చర్య చురుగ్గా ఉన్నప్పుడు ఒక్క మనిషి రెండింటినీ చూస్తూ రాయడం సాధ్యం కాదు.

జాగ్రత్తలు కూడా ఇక్కడే రాసి పెడుతున్నాను. గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం వరకు ఉన్నప్పుడు అంటుకోగలదు కాబట్టి కిటికీలు తెరిచి ఉంచాలి, దరిదాపుల్లో మంట ఉండకూడదు. బుడగలు పగిలేటప్పుడు ఆమ్లం సన్నని తుంపరగా పైకి లేస్తుంది, అందువల్ల ఫ్లాస్కు మీదికి వంగి చూసేవారికి కళ్ళద్దాలు తప్పనిసరి. పలుచన చేసేటప్పుడు ఆమ్లాన్నే నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు.

రెండో రోజు: ఆమ్లం నిజంగా ఎంత గాఢం

సీసాలోని గాఢ ఆమ్లం సుమారు 12 మోలార్ (లీటరుకు 12 మోల్‌లు) ఉంటుందన్న లెక్కతో 83 మి.లీ. తీసుకుని 500 మి.లీ.కి పలుచన చేశాను. అది 2 మోలార్ కావాలి. అయితే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూత తీసినప్పుడల్లా హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును కోల్పోతూ ఉంటుంది కాబట్టి సీసా మీది అంకెను అలాగే తీసుకోవడం సరికాదు. 1.325 గ్రాముల నిర్జల సోడియం కార్బొనేట్‌ను 250 మి.లీ. నీటిలో కరిగించి 0.05 మోలార్ ద్రావణం తయారుచేశాను. నా ఆమ్లాన్ని ఇరవై రెట్లు పలుచన చేసి, మిథైల్ ఆరెంజ్ సూచికతో టైట్రేషన్ (రంగు మారేదాకా ఆమ్లాన్ని కొలిచి పోయడం) చేస్తే, 25 మి.లీ. కార్బొనేట్‌కు 25.0 మి.లీ. ఆమ్లం సరిపోవలసింది, 26.3 మి.లీ. పట్టింది. అంటే నా నిల్వ ఆమ్లం 2.00 మోలార్ కాదు, 1.90 మోలార్. ఈ అయిదు శాతం తేడాను పట్టించుకోకపోతే తరువాతి లెక్కలన్నిటిలోకీ అది చప్పుడు చేయకుండా చేరిపోయేది. ఇక నుంచి 1 మోలార్ కావాలంటే 52.6 మి.లీ. తీసి 100 మి.లీ. చేయాలి.

మూడో రోజు: సరైన జవాబు, తప్పు కారణం

ఒక మీటరు మెగ్నీషియం రిబ్బను తూచితే 0.98 గ్రాములు వచ్చింది. చిన్న ముక్కను తూచడం కంటే పొడుగు ముక్కను తూచి భాగించడం మేలు, త్రాసు తప్పు కూడా అంతే భాగింపబడుతుంది. ఈ లెక్కన 4 సెం.మీ. ముక్క 0.0392 గ్రాములు, అంటే 0.00161 మోల్. అది అన్నే మోల్‌ల హైడ్రోజన్‌ను ఇస్తుంది. గది ఉష్ణోగ్రత 27 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రత వద్ద ఒక మోల్ వాయువు 24.6 లీటర్లు ఆక్రమిస్తుంది, కానీ నీటి మీద సేకరించిన వాయువులో నీటి ఆవిరి కూడా కలిసి ఉంటుంది. 27 డిగ్రీల వద్ద ఆ ఆవిరి పీడనం 26.7 మిల్లీమీటర్ల పాదరసం. దాన్ని లెక్కలోకి తీసుకుంటే కొలజాడీలో 41 మి.లీ. కనిపించాలి, పొడి వాయువైతే 40 మి.లీ.కి కాస్త తక్కువ ఉండేది.

25 మి.లీ. 1 మోలార్ ఆమ్లంలో రిబ్బనును వేసి, గబుక్కున బిరడా బిగించాను. చివరికి కొలజాడీ సరిగ్గా 41 మి.లీ. చూపింది. సంతోషించాను. రెండోసారి 40.5, మూడోసారి 41 వచ్చాయి. ఇంతటితో పద్ధతి కుదిరిందని రాసేసేవాడినే గాని, అలవాటు కొద్దీ ఒకసారి ఆమ్లానికి బదులు ఉత్త నీటితో, రిబ్బను లేకుండా, అదే విధంగా బిరడా బిగించి చూశాను. ఏ చర్యా లేకుండానే కొలజాడీలోకి 4 మి.లీ. గాలి వచ్చింది. బిరడా ఫ్లాస్కు మెడలోకి దిగుతూ అక్కడి గాలిని ముందుకు నెట్టడమే కారణం. అంటే నా 41 మి.లీ.లో నిజంగా చర్య వల్ల చేరింది 37 మాత్రమే. మిగిలిన నాలుగూ బిరడా పెట్టేలోపు గదిలోకి పోయాయి. రెండు తప్పులు ఎదురెదురుగా నిలిచి ఒకదాన్నొకటి కప్పేశాయి. మొత్తం సరిపోయినంత మాత్రాన మొదటి పది సెకన్ల రీడింగులు సరైనవి కావు, నాకు కావలసింది ఆ మొదటి పది సెకన్లే.

వాయువు మొత్తం వేరు, వేగం వేరు అన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆంగ్ల శాస్త్రవేత్త హెన్రీ కావెండిష్ 1766లో ప్రచురించిన పరిశోధనలో ఒక ఔన్సు జింక్ సుమారు 356 ఔన్సుల కొలత (ఒక ఔన్సు నీరు పట్టే చోటు ఒక కొలత) 'మండే గాలి'ని, అంటే హైడ్రోజన్‌ను, ఒక ఔన్సు ఇనుప తీగ సుమారు 412 ఔన్సుల కొలతను ఇస్తాయని రాశారు. ఇనుము విషయంలో ఆమ్లాన్ని ఎంత పలుచన చేసినా మొత్తం మారలేదని కూడా గమనించారు. ఆ రెండు అంకెల నిష్పత్తి 0.86. ఈ రెండు లోహాలూ పరమాణువుకు ఒక హైడ్రోజన్ అణువునే ఇస్తాయి కాబట్టి, నేటి పరమాణు భారాలతో లెక్కిస్తే ఇనుము 55.85ను జింక్ 65.38తో భాగించి 0.85 వస్తుంది. పరమాణు భారమన్న భావనే లేని కాలంలో అంత దగ్గరగా కొలిచారంటే, బిరడా సంగతి ఆయనకు నాకంటే బాగా తెలిసి ఉండాలి. మొత్తాన్ని కొలవడం అంత పాతదే గాని, రసాయన చర్య వేగాన్ని అంకెల్లోకి తేవడం మాత్రం 1850లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మీ చక్కెర ద్రావణం మీద చేసిన ప్రయోగాలతో మొదలైందని చెబుతారు.

అయిదో రోజు: గాజు కడ్డీ, గరుకు కాగితం

బిరడాకు రెండో రంధ్రం వేసి, అందులో గ్రీజు పూసిన 3 మి.మీ. మందం గాజు కడ్డీని దూర్చి, దాని కొసకు నైలాన్ దారంతో రిబ్బనును కట్టాను. రిబ్బనును పొరలు ఒకదానికొకటి తగలకుండా వదులుగా చుట్టాను. ముందు బిరడా బిగించి, కొలజాడీ మట్టాన్ని రాసుకుని, ఆ తరువాత కడ్డీని 3 సెం.మీ. కిందికి నెడితే చర్య మొదలవుతుంది. కడ్డీ నెట్టే గాలి 0.2 మి.లీ., దాన్ని తీసివేస్తే చాలు. ఉత్త నీటితో పరీక్షిస్తే కొలజాడీ కదల్లేదు. మెగ్నీషియంతో మొత్తం 40.5 మి.లీ. వచ్చింది. ఈసారి ఆ అంకెను నమ్మవచ్చు.

మరో చిక్కు ఎదురైంది. కాలాన్ని అడ్డంగా, ఘనపరిమాణాన్ని నిలువుగా తీసుకుని గీసిన గ్రాఫు మొదట చదునుగా ఉండి, పదిహేను సెకన్ల తరువాత గాని పైకి లేవలేదు. చర్య మొదట్లోనే అత్యంత వేగంగా ఉండి క్రమంగా తగ్గాలని పాఠం చెబుతుంది. నా రిబ్బను పాతది, బూడిద రంగుకు తిరిగింది. ఆ బూడిద పొర ఆక్సైడ్, హైడ్రాక్సైడ్, కార్బొనేట్‌ల మిశ్రమం. ఆమ్లం ముందు దాన్ని కరిగించాలి, ఆ పనిలో హైడ్రోజన్ రాదు. నున్నని గరుకు కాగితంతో రెండు వైపులా తళతళలాడేదాకా రుద్ది, వేలిముద్ర పడకుండా పట్టకారుతో పట్టుకుని, రెండు నిమిషాల్లోపే వాడితే ఆ చదును భాగం మూడు సెకన్లకు తగ్గింది. రుద్దడం వల్ల బరువు తగ్గుతుంది కాబట్టి మీటరు బరువును రుద్దిన రిబ్బనుతో మళ్ళీ చూశాను, నా త్రాసుకు తెలిసేంత తేడా రాలేదు.

ఏడో రోజు: గాఢతల వరుస, ఒక అందమైన తప్పు

25 మి.లీ. చొప్పున మూడు గాఢతలతో, ఒక్కోటి మూడుసార్లు చేసి, రిబ్బను పూర్తిగా మాయమయ్యే సగటు సమయాన్ని రాసుకున్నాను. 1 మోలార్ ఆమ్లంలో 84 సెకన్లు, 0.5 మోలార్‌లో 240 సెకన్లు, 0.25 మోలార్‌లో 790 సెకన్లు. ఘనపరిమాణాన్ని సమయంతో భాగించి సగటు వేగాలు తీశాను. గాఢత లాగరిథమ్‌ను అడ్డంగా, వేగం లాగరిథమ్‌ను నిలువుగా తీసుకుంటే మూడు బిందువులూ దాదాపు ఒకే గీత మీద పడ్డాయి, వాలు 1.6. హైడ్రోజన్ అయాన్ దృష్ట్యా చర్యా క్రమాంకం (వేగం గాఢత ఎన్నో ఘాతంతో మారుతుందో చెప్పే అంకె, అంటే ఈ వాలే) ఒకటిన్నర దాటిందని, ఏదో సంక్లిష్టమైన చర్యావిధానం బయటపడిందని ఆ రాత్రి ఎంతో ఉత్సాహంగా రాసుకున్నాను. ఆ పేజీని చింపకుండా ఉంచాను, తప్పును దాచిన డైరీ ఎవరికీ ఉపయోగపడదు.

తొమ్మిదో రోజు: అదే లెక్క మరోసారి

రెండు సంగతులను నేను చూడలేదు. మొదటిది ఆమ్లం ఖర్చు. 0.0392 గ్రాముల మెగ్నీషియం 3.2 మిల్లీమోల్‌ల ఆమ్లాన్ని తినేస్తుంది. 25 మి.లీ. 1 మోలార్ ఆమ్లంలో ఉన్నది 25 మిల్లీమోల్‌లు, అందులో 13 శాతం పోవడం పెద్ద విషయం కాదు. కానీ 25 మి.లీ. 0.25 మోలార్ ఆమ్లంలో ఉన్నది 6.25 మిల్లీమోల్‌లే కాబట్టి చర్య ముగిసేసరికి సగానికి పైగా ఆమ్లం అయిపోతుంది. నేను 0.25 మోలార్ అని రాసుకున్న వేగం నిజానికి 0.25 నుంచి 0.12 వరకు జారిపోతున్న గాఢతల సగటు.

రెండోది వేడి. మెగ్నీషియం ఆమ్లంలో కరిగేటప్పుడు మోల్‌కు 467 కిలోజౌళ్ళ వేడి విడుదలవుతుంది. నా ముక్కకు అది సుమారు 750 జౌళ్ళు. 25 మి.లీ. ద్రావణాన్ని ఆ వేడి 7 డిగ్రీలు పెంచగలదు. ఫ్లాస్కులో థర్మామీటరు పెట్టి చూస్తే, 1 మోలార్ ఆమ్లంలో 27 నుంచి 33 డిగ్రీలకు పెరిగింది. 0.25 మోలార్‌లో అదే వేడి పదమూడు నిమిషాల మీద విడుదలై గాజు గుండా బయటికి పోవడం వల్ల పెరుగుదల రెండు డిగ్రీలు మించలేదు. గాఢ ఆమ్లంలో వేడి వేగాన్ని పైకి లాగుతున్నది, పలుచని ఆమ్లంలో ఖర్చు వేగాన్ని కిందికి లాగుతున్నది. ఈసారి రెండు తప్పులూ ఒకే వైపు తోశాయి, అందుకే బిందువులు అంత అందంగా ఒక గీత మీద నిలబడి, ఆ గీత అంత నిటారుగా లేచింది. బిందువులు గీత మీద పడటం కొలత సరైనదని చెప్పదు, తప్పు కూడా ఒక పద్ధతిగా సాగుతున్నదని చెప్పవచ్చు.

పదకొండో రోజు: వంద మిల్లీలీటర్లు, మొదటి ఇరవై సెకన్లు

మార్పులు మూడు చేశాను. ఆమ్లం 25కు బదులు 100 మి.లీ., దీనితో వేడి వల్ల పెరుగుదల ఎంత ఎక్కువైనా 1.8 డిగ్రీలు దాటదు, 0.25 మోలార్‌లో ఆమ్లం ఖర్చు 13 శాతానికి దిగుతుంది. ఫ్లాస్కు కింద మాగ్నెటిక్ స్టిర్రర్ (అయస్కాంతంతో ద్రావణాన్ని కలిపే పరికరం), అన్నిసార్లూ ఒకే వేగంలో. మాయమయ్యే సమయాన్ని వదిలేసి, గ్రాఫు మొదట్లో గీసిన స్పర్శరేఖ వాలునే వేగంగా తీసుకోవడం మూడోది.

వెంటనే ఒక నష్టం కనిపించింది. మొత్తం ఘనపరిమాణం 40.5 నుంచి 39కి పడిపోయింది. కారుతున్నదేమోనని కీళ్ళన్నీ సబ్బు నీటితో చూశాను, ఎక్కడా బుడగ లేదు. హైడ్రోజన్ నీటిలో కరగదని అందరం అనుకుంటాం గాని, గది ఉష్ణోగ్రతలో లీటరు నీరు సుమారు 18 మి.లీ. హైడ్రోజన్‌ను కరిగించుకుంటుంది. 100 మి.లీ. ఆమ్లానికి అది 1.8 మి.లీ. 25 మి.లీ. వాడినప్పుడు అర మిల్లీలీటరు కూడా లేని ఈ దొంగతనం ఇప్పుడు లెక్కకు వచ్చింది. పైగా ఇది జరిగేది మొదట్లోనే, నేను స్పర్శరేఖ గీసే చోటే. దీనికి మందు సులభం. ప్రతి దఫాకు ముందు ఒక చిన్న మెగ్నీషియం ముక్కను అదే ఆమ్లంలో బలి ఇచ్చి, ద్రావణాన్ని హైడ్రోజన్‌తో సంతృప్తం చేసి, ఆ తరువాతే అసలు ముక్కను దించాను. మొత్తం మళ్ళీ 40.5కు వచ్చింది.

కొత్త పద్ధతిలో ప్రారంభ వేగాలు ఇవి: 0.25 మోలార్‌లో సెకనుకు 0.104 మి.లీ., 0.5 మోలార్‌లో 0.22 మి.లీ., 1 మోలార్‌లో 0.475 మి.లీ. లాగరిథమ్ గ్రాఫు వాలు 1.6 నుంచి 1.1కి దిగింది. గాఢత రెట్టింపయితే వేగం రెట్టింపు కంటే కాస్త ఎక్కువ అవుతున్నది, అంతే. ఒకటి మీద మిగిలిన ఆ 0.1 గురించి నా అనుమానం బుడగల మీద ఉంది: వేగం పెరిగిన కొద్దీ బుడగలు లోహం పక్కనున్న ద్రావణాన్ని తామే ఎక్కువగా కలుపుతాయి.

పదమూడో రోజు: కలిపితే పెరిగే వేగం

ఆ అనుమానాన్ని తీర్చుకోవడానికి 0.5 మోలార్ ఆమ్లంలో స్టిర్రర్‌ను ఆపి ఒకసారి, మామూలు వేగంలో ఒకసారి, బాగా హెచ్చించి ఒకసారి చూశాను. వరుసగా సెకనుకు 0.17, 0.22, 0.26 మి.లీ. వచ్చాయి. లోహమూ అదే, ఆమ్లమూ అదే, ఉష్ణోగ్రతా అదే. కలపడం మాత్రమే మారింది. లోహపు ఉపరితలం మీద జరిగే చర్యే వేగాన్ని నిర్ణయించేదైతే కలపడం వల్ల ఇంత తేడా రాకూడదు. ఉపరితలం దగ్గర హైడ్రోజన్ అయాన్లు వెంటవెంటనే ఖర్చయిపోతుంటే, దూరం నుంచి కొత్తవి వచ్చి చేరడమే ఆలస్యానికి కారణమైతే, కలపడం ఆ ఆలస్యాన్ని తగ్గిస్తుంది.

దీనికి మరో సాక్ష్యం ఉష్ణోగ్రత ఇవ్వాలి. ఫ్లాస్కును నీటి తొట్టిలో ఉంచి, పది నిమిషాలు నిలకడకు రానిచ్చి, లోపలి గాలి వ్యాకోచం ఆగిన తరువాతే కడ్డీని దించాను. వాయువు మాత్రం ఎప్పుడూ 27 డిగ్రీల నీటి మీదే సేకరించాను, లేకపోతే వాయువు ఘనపరిమాణాలను పోల్చలేం. స్టిర్రర్ మామూలు వేగంలో, 0.5 మోలార్ ఆమ్లంలో 15 డిగ్రీల వద్ద 0.155, 27 వద్ద 0.22, 37 వద్ద 0.285, 47 వద్ద 0.37 మి.లీ. సెకనుకు. పది డిగ్రీలకు వేగం రెట్టింపవుతుందని చిన్నప్పటి నుంచి వింటున్న సూత్రం ఇక్కడ పనిచేయలేదు, 27 నుంచి 37కు పెరిగింది 1.3 రెట్లే. ఉష్ణోగ్రతకూ వేగానికీ మధ్య అర్హీనియస్ 1889లో ఇచ్చిన సంబంధం ప్రకారం గ్రాఫు గీస్తే ఉత్తేజన శక్తి (చర్య జరగడానికి దాటవలసిన శక్తి మెట్టు) మోల్‌కు 21 కిలోజౌళ్ళ దగ్గర తేలింది. ఆ రెట్టింపు సూత్రం నిజం కావాలంటే గది ఉష్ణోగ్రత దగ్గర అది 53 కిలోజౌళ్ళు ఉండాలి. ఇంత తక్కువ విలువ, నీటిలో అయాన్ల వ్యాపనానికి (తమంతట తాము విస్తరించడానికి) కావలసిన శక్తికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి ఇన్నాళ్ళూ నేను కొలుస్తున్నది మెగ్నీషియం చురుకుదనం కాదు, చాలా వరకు హైడ్రోజన్ అయాన్ల ప్రయాణం. ఇది తెలిసిన తరువాత కాసేపు ప్రాజెక్టు పేరు మార్చాలేమో అనిపించింది.

పదహారో రోజు నుంచి పంతొమ్మిదో రోజు వరకు: మిగిలిన లోహాలు

నా రిబ్బను ముక్క ఉపరితలం రెండు వైపులా కలిపి 2.5 చదరపు సెం.మీ. ఉంటుంది. మిగిలిన లోహాలను కూడా అదే వైశాల్యానికి కత్తిరించాను. సమాన బరువులను పోల్చితే పలుచని రేకు ఎప్పుడూ గెలుస్తుంది, అందువల్ల వైశాల్యాన్ని సమానం చేయడమే న్యాయం. 1 మోలార్‌లో జింక్ బుడగలు లెక్కపెట్టేంత మెల్లగా రావడంతో ఈ లోహాలకు 1.9 మోలార్ నిల్వ ఆమ్లాన్నే వాడాను.

జింక్ పది నిమిషాల్లో ఇచ్చింది 2.5 మి.లీ. మాత్రమే. తరువాత అదే ఫ్లాస్కులో కాపర్ సల్ఫేట్ ద్రావణాన్ని కొన్ని చుక్కలు వేస్తే జింక్ మీద నల్లని మచ్చలు ఏర్పడి, తరువాతి పది నిమిషాల్లో 24 మి.లీ. వచ్చింది. లోహాల చర్యాశీలత వరుసలో రాగి హైడ్రోజన్‌కు దిగువన ఉన్న లోహం, ఆమ్లంతో తానుగా చర్య జరపదు. కానీ జింక్ మీద పేరుకున్న రాగి, జింక్‌తో కలిసి చిన్న చిన్న ఘటాలుగా పనిచేస్తుంది: జింక్ ఎలక్ట్రాన్లను వదులుతుంది, హైడ్రోజన్ అయాన్లు వాటిని రాగి మీద అందుకుంటాయి. జింక్ ఉపరితలం మీద హైడ్రోజన్ ఏర్పడటం చాలా కష్టం, రాగి మీద సులభం. శుద్ధమైన జింక్ కంటే మలినాలున్న జింక్ వేగంగా కరగడానికీ ఇదే కారణం. నాలుగు చుక్కలతో పది రెట్లు మారిపోయే అంకెను 'జింక్ వేగం' అని ఎలా రాయాలో నాకు తోచలేదు. చివరికి రెండు అంకెలూ పక్కపక్కనే రాశాను.

అల్యూమినియం మరీ మొండిది. దాని ప్రమాణ విభవం (ఎంత మైనస్ అయితే లోహం ఎలక్ట్రాన్లను అంత సులభంగా వదులుతుందని చెప్పే కొలత) మైనస్ 1.66 వోల్టులు, జింక్‌ది మైనస్ 0.76. పట్టిక ప్రకారం అల్యూమినియమే ముందుండాలి. మొదటి అయిదు నిమిషాల్లో ఒక్క బుడగ కూడా రాలేదు. ఆరో నిమిషంలో అంచుల దగ్గర మొదలై, పదో నిమిషానికి కొలజాడీ సరిపోనంత జోరందుకుంది, ఫ్లాస్కు చేతికి వేడిగా తగిలింది. కొన్ని నానోమీటర్ల మందం ఉన్న ఆక్సైడ్ పొర ముందు ఆమ్లాన్ని ఆపుతుంది, క్లోరైడ్ అయాన్లు దాన్ని అక్కడక్కడ తొలిచిన తరువాత లోహం బయటపడుతుంది, పుట్టిన వేడి మిగిలిన పనిని తొందర చేస్తుంది. స్టాప్‌వాచీని అయిదో నిమిషంలో ఆపిన మనిషి అల్యూమినియాన్ని రాగి పక్కన పెట్టేస్తాడు, పదో నిమిషంలో ఆపినవాడు జింక్ కంటే ఎంతో పైన పెడతాడు. గరుకు కాగితంతో రుద్దినా తేడా కొద్దిదే, ఎందుకంటే గాలి తగిలిన వెంటనే పొర మళ్ళీ ఏర్పడుతుంది.

ఇనుము అరగంటకు కూడా ఒక మిల్లీలీటరు ఇవ్వలేదు కాబట్టి దానికి మాత్రం త్రాసు దగ్గరికే తిరిగి వెళ్ళాను. రెండు వైపులా కలిపి 25 చదరపు సెం.మీ. ఉన్న రేకును 500 మి.లీ. 1 మోలార్ ఆమ్లంలో, మూత బిగించకుండా, గాలి ఆడే చోట ఒక రోజంతా ఉంచితే 0.6 గ్రాములు తగ్గింది. ఇక్కడ తూచేది పోయిన హైడ్రోజన్‌ను కాదు, పోయిన ఇనుమును, అందుకే త్రాసు సరిపోయింది. దాన్ని వాయువుగా మార్చి, చదరపు సెంటీమీటరుకు లెక్కిస్తే, అదే గాఢతలో మెగ్నీషియం వేగం వెయ్యి రెట్లకు పైనే. ద్రావణంలో కరిగి ఉన్న గాలిలోని ఆక్సిజన్ కూడా ఇనుమును కొంత తిని ఉంటుంది కాబట్టి ఇంతకంటే కచ్చితంగా చెప్పడం న్యాయం కాదు.

ఇరవయ్యో రోజు: ఎసిటిక్ ఆమ్లం

వేగాన్ని నిర్ణయించేది హైడ్రోజన్ అయాన్ల ప్రయాణమే అయితే, ఆ అయాన్లు తక్కువగా ఉండే బలహీన ఆమ్లంలో మెగ్నీషియం దాదాపు కరగకూడదు. 0.5 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో హైడ్రోజన్ అయాన్ల గాఢత సుమారు 0.003 మోలార్. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో వచ్చిన అనుపాతాన్ని వాడితే సెకనుకు 0.0013 మి.లీ. రావాలి, అంటే ముక్క కరగడానికి ఎనిమిదిన్నర గంటలకు పైగా పట్టాలి. పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాల్లోపే ముక్క మాయమైంది. ప్రారంభ వేగం సెకనుకు 0.04 మి.లీ., నా అంచనాకు ముప్పై రెట్లు.

విడిపోని ఎసిటిక్ ఆమ్లపు అణువులు కూడా లోహం దాకా ప్రయాణిస్తాయని, అక్కడికి చేరాక హైడ్రోజన్‌ను ఇచ్చివేస్తాయని ఊహించాను. అదే నిజమైతే స్వేచ్ఛగా ఉన్న హైడ్రోజన్ అయాన్లను బాగా తగ్గించినా వేగం పెద్దగా పడిపోకూడదు.

ఇరవై ఒకటో రోజు

100 మి.లీ. 0.5 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో 4.1 గ్రాముల నిర్జల సోడియం ఎసిటేట్‌ను కరిగించాను. దీనితో హైడ్రోజన్ అయాన్ల గాఢత 0.003 నుంచి 0.00002 మోలార్‌కు దగ్గరగా, అంటే నూట యాభై రెట్లకు పైగా తగ్గుతుంది. ఆమ్లపు అణువుల సంఖ్య మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. బలి ముక్క వేసి, సంతృప్తం చేసి, స్టిర్రర్‌ను మామూలు గుర్తు మీద పెట్టి, రిబ్బనును దించాను. మూడు దఫాల సగటు వేగం సెకనుకు 0.033 మి.లీ.